మంచివారి తీర్పు

మన యిండ్లలో తగవు పుట్టినప్పుడు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ఆయన ధర్మాత్ముడు, ఆయన చెప్పినది అన్యాయ మెట్లగును?" కోడలిమీద నింద వచ్చినను, వితంతువైన ఆడుబిడ్డ పంపకమున తన భాగ మడిగినను, కులపెద్దలు ఒక కుటుంబమును వెలివేసినను, ఈ మాటయే కడపటి ప్రమాణముగా నిలుచుచు వచ్చినది. తీర్పు మంచిదా యని యడుగుటకు మారుగా తీర్పరి మంచివాడా యని యడుగుదుము. మంచివాడని తేలినంతనే విచారణ ముగిసినదని తలతుము. ఈ పొరపాటు సామాన్యులకే పరిమితమైనది కాదు. గొప్ప రచయితలును ఇందు చిక్కుకొనిరి. 'సెయింట్ జోన్' అను నాటకమున బెర్నార్డు షా ఎంత ఎత్తునకు పోయెనో, అందులోనే ఈ పొరపాటువలన ఎక్కడ జారెనో పరిశీలించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

చరిత్రప్రసిద్ధములైన విచారణలను సాహిత్యము రెండు విధముల చెప్పుచు వచ్చినది. ముద్దాయి పక్షమున నిలిచి చెప్పుట మొదటి విధము. దీనికి మేలుబంతి ప్లేటో వ్రాసిన 'అపాలజీ'. క్రీ. పూ. 399లో ఏథెన్సు నగరమున డెబ్బదియేండ్ల సోక్రటీసుమీద విచారణ జరిగెను. నగరదేవతలను గౌరవింపలేదనియు, యువకులను చెడగొట్టెననియు అభియోగము. మెలీటసు, అనీటసు, లైకోను అనువారు అభియోక్తలు. ప్లేటో గ్రంథమున వినవచ్చునది సోక్రటీసు కంఠమే. మెలీటసు ఇచ్చిన కొలది పొడిమాటల జవాబులు తప్ప, అభియోక్తలు సభలో ఏమి వాదించిరో అందు లేదు. కావున చదువరికి వారు మువ్వురును అసూయాపరులైన అల్పులుగనే కనబడుదురు.

నిజమున కా నగరము భయపడుటకు కారణములు లేకపోలేదు. క్రీ. పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిన పిమ్మట ఏథెన్సును ముప్పదిమంది నిరంకుశులు పాలించి, పెక్కుమందిని చంపిరి. వారిలో ముఖ్యుడైన క్రిటియసు ఒకప్పుడు సోక్రటీసు సహవాసి. యుద్ధకాలమున శత్రువులతో చేతులు కలిపిన ఆల్సిబియడీసును అట్టివాడే. మరుసటియేడు ప్రజాపాలన మరల నెలకొన్నది గాని, గాయము మానలేదు. ఈ భయము సోక్రటీసును చంపుటకు తగిన కారణ మని నేననను. అది తెలియనివానికి మాత్రము ఆ తీర్పు ఎందరో సామాన్యపౌరుల మనస్సులలో ఎట్లు పుట్టెనో బోధపడదు.

అయినను ప్లేటో ఒక సంగతిని మనకు దాచియుంచెను. మరణదండనతో ముడిపడిన అభియోగమును ఒక్క దినముననే తేల్చివేయుట తగదనియు, ఇతరదేశములలో ఉన్నట్లు పలుదినముల విచారణ జరిపినచో తాను సభ్యులను ఒప్పించియుందుననియు సోక్రటీసు అందు చెప్పును. ముప్పది ఓట్లు అటునుండి ఇటు వచ్చియున్నచో తాను విడుదల పొందియుందునని కూడ అనును. ఇది న్యాయనిర్ణేతల గుణమును గూర్చిన మాట కాదు. విచారణ పద్ధతిని గూర్చిన మాట. సభలో మంచివారు ఉండవచ్చును. కాని నీటిగడియారము కారిపోవులోపల మంచివాడైనను నిజము నెట్లు కనుగొనగలడు? న్యాయము మనుష్యుని గుణమున నున్నదా, పద్ధతియం దున్నదా యను ప్రశ్నకు బీజమిదియే.

న్యాయాధిపతుల పక్షమును సయితము వారి శక్తికొలది వాదింపనిచ్చుట రెండవ విధము. షా కోరుకొన్న దారి ఇది. ఫ్రాన్సు దేశమున డోంరేమీ యను పల్లెలో పుట్టిన జోన్, తనకు దేవదూతల పలుకులు వినవచ్చుచున్నవని చెప్పి, 1429లో ఫ్రెంచి సేనలకు ముందు నడచి, ఏడవ చార్లెసుకు రీమ్సు నగరమున పట్టాభిషేకము చేయించెను. 1430 మే నెలలో పట్టువడగా, ఆంగ్లేయులు 10,000 లీవ్రులిచ్చి ఆమెను కొనిరి. 1431లో రువాన్ నగరమున మతన్యాయస్థానము విచారించి, మతద్రోహియని తీర్చెను. మే 30వ తేదీన సుమారు పందొమ్మిదేండ్ల ఆ పడుచును సంతవీధిలో సజీవముగా కాల్చిరి. 1456లో మరియొక న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. 1920లో ఏ చర్చి కాల్చెనో ఆ చర్చియే ఆమెను పునీతురాలిగా ప్రకటించెను. షా నాటకము 1923 డిసెంబరులో న్యూయార్కున మొదట ప్రదర్శింపబడినది.

షాకు ముందు ఈ కథ వ్రాసినవారు పెక్కురు. షిల్లరు ఆమెను రణరంగమున మరణించు కావ్యనాయికగా మార్చి, విచారణనే తొలగించెను. మార్కు ట్వెయిను ఆమెను నిష్కళంక దేవతగాను, న్యాయాధిపతులను దుష్టులుగాను చిత్రించెను. షా యిట్టి సులభమార్గమును త్రోసివేసెను. నాలుగవ రంగమున బిషప్పు కోషానును ఆంగ్లేయ ప్రభువు వార్విక్కును ఒక డేరాలో కూర్చుండి మాటలాడుకొందురు. ఇద్దరికిని జోన్ అడ్డమే. కారణములు మాత్రము వేరు. చర్చి ప్రమేయము లేక దేవునితో నేరుగా మాటలాడుదునను పల్లెపడుచువలన మతమే కూలునని బిషప్పు భయము. నడుమ ప్రభువు లక్కరలేదు, రాజు ఒక్కడే దేవుని ప్రతినిధి యను భావమువలన తన వర్గమే నశించునని ప్రభువు భయము. ఒకడు ఆత్మను రక్షింపగోరును. మరియొకడు దేహమును కాల్పగోరును. ఇరువురును బుద్ధిమంతులే.

విచారణ రంగమున మతవిచారణాధికారి చేయు దీర్ఘోపన్యాసము ఈ నాటకమునకు శిఖరము. ఆయన వృద్ధుడు, దయాళువు, చదువుకొన్నవాడు. మతద్రోహము దుర్మార్గులవలన గాక మంచివారివలననే, అమాయకపు భక్తులవలననే మొలకెత్తుననియు, నేడొకరిమీద జాలిపడుట రేపు వేలమందిమీద క్రౌర్యమగుననియు ఆయన మెల్లగా వివరించును. చదువరి తలయూపుచు పోవును. తాను దేనికి తలయూపుచున్నాడో తెలిసినప్పుడు ఉలికిపడును. మన యింటి పెద్దలు వితంతువు తల గొరిగించునపుడు ఇట్టి మెత్తని మాటలే పలుకలేదా? పిల్లనిమీద కోపమున గాదు, వంశమర్యాదకై యనలేదా? దుర్మార్గుని ప్రతిమను చూపినచో "నేనట్టివాడను గాను" అని ప్రేక్షకుడు తప్పించుకొనును. మంచివానిని చూపుటచే షా ఆ ద్వారమును మూసివేసెను. ఇది ఆయన ఘనత.

ఇక దోషము. నాటకమునకు వ్రాసిన పీఠికలో షా ఇంకొక మెట్టు దిగి, జోనుకు జరిగిన విచారణయే న్యాయమైనదని వాదించెను. ఇరువదవ శతాబ్దపు రాజకీయాపరాధులకు దక్కినదానికంటె ఆమెకు మేలైన విచారణ దక్కెనను భావమును ప్రకటించెను. నాటకపు ఉపసంహారమున లాద్వెన్యూ అను మఠవాసిచేతను ఇంచుమించుగా ఇదే పలికించెను: కాల్చిన విచారణలో సత్యము, చట్టము, దయ పాటింపబడెననియు, నిర్దోషియని తేల్చిన విచారణలో అసత్యములు రాజ్యమేలెననియు దాని సారాంశము. వినుటకిది చమత్కారముగా నుండును. అయితే నిజమా?

1431నాటి పత్రములనే చూతము. కోషాను బోవే పట్టణమునకు బిషప్పు. ఫ్రెంచివారి విజయమువలన ఆ పట్టణమును విడిచి పోవలసినవాడు. ఆంగ్లేయరాజు సలహాసభలో సభ్యుడు. జోనును కొనుటకు బేరము నడపినవాడును ఆయనయే. ఆ బేరగాడే న్యాయపీఠముపై కూర్చుండెను. విచారణ ఖర్చులను పెట్టుకొన్నది ఆంగ్లేయ ప్రభుత్వము. తొమ్మిదేండ్ల బాలరాజు ఆరవ హెన్రీ పేర 1431 జనవరి 3వ తేదీన వ్రాయబడిన ఉత్తరువులో, జోనును విచారణకు ఒప్పగించుచునే, ఆమె మతద్రోహి కాదని తేలినచో తాము మరల తీసికొందుమని యున్నది. నిర్దోషికి విడుదలలేని విచారణను ఏ పేరుతో పిలువవలెను? మతన్యాయస్థానపు ముద్దాయి చర్చి చెరసాలలో స్త్రీల సంరక్షణలో నుండవలసినది. ఆమె మాత్రము సంకెళ్లతో కోటలో, ఆంగ్లేయ సైనికుల కావలిలో నుండెను. తన్ను చర్చివారికి అప్పగింపుడని ఆమె యడిగెను. ఈ ఫిర్యాదును షా తన నాటకమున జోన్ నోటనే పలికించెను. పీఠిక వ్రాయునపుడు దానికి తగిన బరువు నీయలేదు.

"నేటి కొలతలతో నాటివారిని కొలువవచ్చునా?" అని షా పక్షమువా రడుగుదురు. మంచి ప్రశ్నయే. దానికి జవాబు నాటివారే యిచ్చిరి. నార్మండీ దేశపు న్యాయవేత్త జాన్ లోయే అనువాడు ఆ సమయమున రువానునకు వచ్చెను. కోషాను ఆయన అభిప్రాయ మడిగెను. ఈ విచారణ చెల్లదని ఆయన నిర్మొగమాటముగా చెప్పెను. సభ మూసిన కోటలో జరుగుచున్నది, అందు కూర్చున్నవారు తమ మనస్సులోని మాట చెప్పుటకు స్వేచ్ఛ లేదు. ఫ్రాన్సురాజు గౌరవమునకు సంబంధించిన విషయమైనను ఆ పక్షమువారిని పిలువలేదు. ఇందరు పండితుల యెదుట ఒక చదువురాని పడుచునకు ఆలోచన చెప్పువాడు లేడు. ఇవి ఆయన చూపిన కారణములు. ఆ పిమ్మట ఆయన ఊరు విడిచి రోమునకు పోయెను. నికొలా ద ఊప్‌విల్ అను మరియొక పండితుడు, ఎదుటిపక్షమువారు తీర్పరులుగా కూర్చుండుట తగదని యన్నందుకు చెరసాల పాలయ్యెను. నాటి కొలతతో కొలిచినను కొల చాలలేదని దీనివలన తేలుచున్నది.

లోయే మాట మనకు తెలిసినది విచారణలేఖకుడు మాంషోను తరువాతికాలమున ఇచ్చిన సాక్ష్యమువలన. ఊప్‌విల్ తన చెర సంగతిని తానే సాక్ష్యమున చెప్పెను. 1456నాటి విచారణయు పక్షపాతరహితము కాదని షా యన్నమాట కొంతవరకు ఒప్పుకొనదగినదే. మతద్రోహివలన కిరీటము పొందితినను మచ్చ తుడుచుకొనవలసిన యవసరము ఏడవ చార్లెసునకు కలదు. జోన్ తల్లి ఇసబెల్ మొఱ పెట్టగా పోపు అనుమతితో జరిగిన ఆ విచారణలో నూరుమందికి పైగా సాక్షులు మాటలాడిరి. వారిలో కొందరు గాలివాటమున మాట మార్చినవారే. కాని రెండవ సభలోని వంకర మొదటి సభలోని వంకరను సరిచేయునా? మరియు కోషాను పదవి, రాజు ఉత్తరువు, చెరసాల, వీనికి తరువాతి సాక్షులతో పని లేదు. అవి మొదటి పత్రములలోనే యున్నవి.

షా ఎక్కడ తప్పెనో ఇప్పుడు చెప్పవచ్చును. తీర్పరికి న్యాయము చేయుట వేరు. తీర్పును న్యాయమనుట వేరు. మొదటిది సాహిత్యధర్మము. ఆ సభలో నిజముగనే మంచివా రుండిరి. జోనును చిత్రహింస పెట్టుదమాయని చర్చ వచ్చినపుడు ఎక్కువమంది వలదనిరి. వారి మంచితనమును చూపుట షాకు తగును. ఆ మంచితనమునుబట్టి విచారణయే న్యాయమైనదనుట మాత్రము, "ఆయన ధర్మాత్ముడు గదా" అను మన యింటిమాటకు ఆంగ్లరూపమే.

మన భారతమును తలచుకొన్నచో ఈ భేదము తేటపడును. ద్రౌపదిని ఈడ్చి తెచ్చిన సభలో భీష్ముడు, ద్రోణుడు, కృపుడు ఉండిరి. వారికంటె మంచివారిని ఏ సభకు తేగలము? తన్నుతాను ఓడినవానికి తన్ను ఒడ్డు హక్కున్నదా యని ఆమె యడిగినది పద్ధతిని గూర్చిన ప్రశ్న. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ప్రశ్నకు ప్రశ్నగా విలువనిచ్చి, ఆమె గెలువబడలేదని వాదించినవాడు దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు. కర్ణుడు వానిని బాలుడవని గద్దించెను. రువాను సభకు లోయే ఎట్టివాడో, హస్తినాపుర సభకు వికర్ణుడట్టివాడు. షా నాటకమున కోషానుకు చోటున్నది, వార్విక్కునకు చోటున్నది. లోయేకు చోటు లేదు. ఆ ఒక్క పాత్ర వేదిక నెక్కియున్నచో విచారణ న్యాయమైనదన్న వాదము అక్కడనే కూలియుండెడిది.

తీర్పరికి పక్షపాతము లేదు, సభ బహిరంగము, ముద్దాయికి వకీళ్లున్నారు అనుకొందము. అప్పుడైనను న్యాయము సిద్ధించునా? దీనికి మన దేశమునందే ఒక విచారణ ఉదాహరణముగా నున్నది. బొంబాయిలో రుక్మాబాయికి పదునొకండేండ్లప్పుడు దాదాజీ భికాజీ యనువానితో పెండ్లి చేసిరి. ఆమె కాపురమునకు పోక, సవతితండ్రి డాక్టరు సఖారాం అర్జున్ ఇంట చదువుకొనుచు పెరిగెను. 1884లో భర్త దాంపత్యహక్కుల కొరకు దావా వేసెను. 1885లో న్యాయమూర్తి పిన్హే, ఇష్టములేని స్త్రీని పురుషుని కప్పగించుట అనాగరికమని, హిందూధర్మశాస్త్రమున దీనికి ఆధారము లేదని దావాను కొట్టివేసెను. 1886లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రిప్పివేసెను. 1887 మార్చిలో న్యాయమూర్తి ఫారన్, ఒక నెలలో భర్తయింటికి పోవలెను, లేనిచో ఆరునెలల చెర యని ఆజ్ఞాపించెను. చెరకే పోదునని ఆమె చెప్పెను.

ఫారన్ లంచగొండి కాడు, ఎవరి పక్షమువాడును కాడు. ఆయన చేతిలోని చట్టమే స్త్రీ యిష్టమును అడుగదు. ఈ చట్టము మన ధర్మశాస్త్రములనుండి రాలేదు. ఇంగ్లండులోని చర్చి న్యాయస్థానములనుండి వచ్చినది. జోనును విచారించినట్టి మతన్యాయస్థానముల వారసత్వమే మూడు సముద్రములు దాటి ఒక హిందూయువతి గుమ్మము తట్టినది. ఇంగ్లండులోనైతే ఇట్టి ధిక్కారమునకు చెరశిక్షను 1884లోనే తొలగించిరి. అయినను మనవారు దీనిని స్వధర్మముగా కౌగిలించుకొనిరి. రుక్మాబాయిని వ్యతిరేకించినవారిలో తిలకువంటి దేశభక్తుడును ఉండెను. ఇరువదియేండ్ల తరువాత, 1908లో, ఆ తిలకే రాజద్రోహపు విచారణలో ఏడుగురు ఐరోపావారును ఇద్దరు పార్సీలును గల జూరీ యెదుట నిలిచెను. ఏడుగురు దోషి యనిరి, ఇద్దరు కాదనిరి. తనవారు లేని సభలో నిలుచుట యెట్టిదో దేశమంతయు నాడు గుర్తించినది. పురుషులే నిండిన సభలో రుక్మాబాయి నిలిచినప్పుడు గుర్తించినవారు కొలదిమంది.

1888లో 2,000 రూపాయలు తీసికొని భర్త రాజీపడెను. ఆమె ఇంగ్లండునకు పోయి వైద్యవిద్య నభ్యసించి, తిరిగివచ్చి సూరతులోను రాజకోటలోను చిరకాలము రోగులకు సేవచేసెను. బాలికల సమ్మతివయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచిన 1891నాటి చట్టమునకు ఈ వ్యాజ్యము పుట్టించిన చర్చయు ఒక కారణము. కథ అంతటితో ముగియలేదు. అదే దాంపత్యహక్కుల సెక్షను 1955నాటి హిందూ వివాహచట్టమున చేరినది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఏ. చౌదరి అది స్త్రీ దేహస్వాతంత్ర్యమునకు విరుద్ధమని, రాజ్యాంగసమ్మతము కాదని తీర్పు చెప్పెను. 1984లో సుప్రీంకోర్టు అది చెల్లునని నిర్ణయించెను. ఇరుపక్షముల న్యాయమూర్తులును సత్పురుషులే. పిన్హే అడిగిన ప్రశ్న నూరేండ్ల తరువాతను ప్రశ్నగనే నిలిచినది.

ఈ విచారణలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో దోషము ఒకేచోట లేదని తెలియును. ఏథెన్సున వ్యవధి చాలలేదు. రువానున తీర్పరి పగవాడు. బొంబాయిలో చట్టమే చెవిటిది. ఏ చోటను తీర్పరి దుర్మార్గుడని చెప్పి చేతులు కడుగుకొనుటకు వీలులేదు. కావున విచారణకథ వ్రాయు రచయిత మంచివారిని మంచివారిగనే చూపవలెను. అటుపిమ్మట వారు కూర్చున్న సభ యెట్టిదో కూడ చూపవలెను. షా మొదటిపనిని ఇంచుమించు ఎవ్వరును చేయనంత బాగుగా చేసెను. రెండవదానిని చదువరికి విడిచిపెట్టెను. ఆ నాటకమును చదువవలసినదే; పీఠికతో వాదించుచు చదువవలెను.

ఆ వాదము పుస్తకముతో ముగియరాదు. మన చావడిలో పెద్దలు కూర్చుండి ఇంటి కోడలిని నిలువబెట్టి "ఔనా కాదా చెప్పు" అని యడుగునపుడు లోయే వేసిన ప్రశ్నలే మనమును వేయవచ్చును. ఆమె పక్షమున మాటలాడువా రెవరైనను పిలువబడిరా? నేరమేమో ఆమెకు ముందుగా తెలిపిరా? తీర్పు చెప్పువాడు తగవులో ఒక పక్షమువాడు కాడా? కూర్చున్నవారిలో ఒక్కడైన "కాదు" అనుటకు ధైర్యము గలదా? నిర్దోషియని తేలినచో ఆమెను నిజముగా విడిచిపెట్టుదురా, లేక ఆరవ హెన్రీ ఉత్తరువువలె మరల తమచేతిలోనికే తీసికొందురా? ఈ ప్రశ్నలడిగినందున పెద్దల మంచితనమునకు లోపము రాదు. వారు నిజముగా మంచివారైనచో, అడిగినవానిని ఊప్‌విల్‌వలె చెరలో వేయక, దగ్గర కూర్చుండబెట్టుకొందురు.